డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము: వైద్యవిద్య కోరు మన బిడ్డలకొక దారి

మన సంఘ సంచికయందు మహనీయుల జీవితములను ముచ్చటించుట పరిపాటి. ఈ పర్యాయము మేమెన్నుకొన్నవారు మన కులమువారు కారు, మన కొండలలో పుట్టినవారును కారు. నేటి పశ్చిమగోదావరి జిల్లాయందలి భీమవరమున జన్మించి, మదరాసున చదివి, అమెరికాదేశమున పనిచేసి, అచ్చటనే కన్నుమూసిన శాస్త్రవేత్త శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన జీవితమును అరకులోయవారికేల వినిపింపవలయునను సందేహము చదువరులకు కలుగవచ్చును. కారణమును ముందుగనే మనవి చేసికొందుము.

మన పల్లెల తలిదండ్రులు సంతలో కనబడినను, పెండ్లిపందిటిలో కనబడినను మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు. మా పిల్లవాడు డాక్టరు కావలెనని కోరుచున్నాడు, ఇంటర్మీడియేటు ముగిసినది, వైద్యకళాశాలలో చోటు దొరకలేదు, ఇక బి.యస్సీ.లో చేర్చిన ఆ కోరిక గంగలో కలిసినట్లేనా యని వారి వేదన. ద్రవ్యసహాయము చేయు మన దాతల ప్రశ్న మరియొకటి. మొదటి పరీక్షలో చోటు సంపాదింపలేని విద్యార్థికి వేతనమును కొనసాగించుట యుక్తమా, అనుచితమా యని వారి విచారము. ఈ రెండు ప్రశ్నలకును మేము సొంత బుద్ధితో చెప్పు సమాధానముకంటె సుబ్బారావుగారి జీవితము చెప్పు సమాధానము మేలైనది. ఆయన నడచిన దారి తిన్ననిది కాదు. మూసిన తలుపు ముందు నిలిచినప్పుడెల్ల ఆయన చేతనున్న శాస్త్రజ్ఞానమే మరియొక తలుపును తెరచినది.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు స్వల్పమైన సర్కారు కొలువు చేసినవారు. అనారోగ్యముచే ఆయన కొలువు ముందుగానే ముగిసినది. సంతానము పెద్దది, రాబడి చిన్నది. ఇంటి భారమెల్ల తల్లి వెంకమ్మగారి మీద పడినది. బాలుడగు సుబ్బారావుకు చదువు మీద మొదట మక్కువ లేదు. పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని తలచి, ఇల్లు విడిచి బయలుదేరెను. నిడదవోలు వరకు పోయిన వానిని పట్టి తెచ్చిరి. తల్లి కొట్టలేదో, తిట్టలేదో మేమెరుగము గాని, మరల బడికి పంపినదని మాత్రము లోకమెరుగును. ఆమె తన నగలను అమ్మి కుమారుని చదువునకు వెచ్చించినది.

రాజమహేంద్రవరమున చదువు సాగినది గాని మెట్రిక్యులేషను పరీక్ష గట్టెక్కలేదు. ఒకమారు తప్పెను, రెండవమారును తప్పెను. తండ్రి గతించెను. అంతట మదరాసు తిరువల్లిక్కేణియందలి హిందూ ఉన్నతపాఠశాలలో చేరి మూడవ పర్యాయమున కృతార్థుడయ్యెను. మన పల్లెలలో ఒక్కసారి పరీక్ష తప్పిన పిల్లవానిని ఇక వీనికి చదువు రాదని మేకల వెంట పంపు తలిదండ్రులు ఈ ఒక్క విషయమును చెవినిడిన చాలును. ఏ విద్యార్థి పేరు నేడు ప్రపంచమందలి జీవరసాయనశాస్త్ర గ్రంథములలో అచ్చుపడియున్నదో, ఆ విద్యార్థి పదవతరగతి వంటి పరీక్షలో రెండుమార్లు తప్పినవాడు.

ఆ కాలమున వైద్యవిద్యకు దారి యెట్లుండెనో ఇచ్చట కొంచెము చెప్పవలెను. ఆంధ్రజిల్లాలలో వైద్యకళాశాల అప్పటికి లేదు. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923లో ఏర్పడినది. అదియే తరువాత ఆంధ్ర వైద్యకళాశాల యను పేరున ప్రసిద్ధికెక్కినది. అంతకు పూర్వము తెలుగు విద్యార్థి ఉన్నత వైద్యపట్టము కోరెనేని మదరాసునకు పోవలసినదే. కొందరు ముందు బి.ఏ. పట్టము పుచ్చుకొని పిమ్మట వైద్యము చదివిరి. శ్రీ భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మదరాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. ముగించి, తరువాతనే వైద్యకళాశాలలో చేరి ఎం.బి.సి.ఎం. పట్టమునంది బందరున వైద్యవృత్తి చేసిరి. మరికొందరు రెండేండ్ల ఇంటర్మీడియేటు ముగించి నేరుగా వైద్యకళాశాలలో ప్రవేశించిరి. సుబ్బారావుగారి దారి ఈ రెండవది. ఆయన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించిరి. ఆ దినములలో ఆయన మనస్సు సన్న్యాసమువైపు లాగుచుండెను. రామకృష్ణ మఠమున చేరవలెనని యత్నింపగా తల్లి అంగీకరింపలేదు. మఠమువారును వైద్యము నేర్చి జనులకు సేవచేయుమని హితవు చెప్పిరి. ఇట్లు ఆయన మదరాసు వైద్యకళాశాలలో అడుగిడిరి. ఆ చదువునకు మిత్రులును, పిమ్మట మామగారైన శ్రీ కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. 1919లో వారి కుమార్తె శేషగిరిగారితో ఆయనకు వివాహము జరిగెను.

వైద్యకళాశాలలో చదువు చక్కగ సాగుచుండగా దేశమున స్వాతంత్ర్యోద్యమము ఉవ్వెత్తున లేచినది. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగారమున ఖద్దరు వస్త్రములు ధరింపసాగిరి. శస్త్రవైద్యమును బోధించు దొరగారికి అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను, సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. అను యోగ్యతాపత్రము మాత్రము లభించెను. తరువాత మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించిరి గాని ఫలింపలేదు. అన్నేండ్ల శ్రమకు ప్రతిఫలము ఒక తక్కువ పట్టము, మూసిన ఉద్యోగద్వారము. మరియొకడైన అచ్చటనే కూలబడియుండును.

ఆ కాలముననే ఇంటియందు పెద్ద దుఃఖము సంభవించెను. స్వల్పవ్యవధిలో సోదరులిద్దరు మరణించిరి. వారిని కబళించిన వ్యాధి స్ప్రూ. తిన్నది వంటబట్టక, విరేచనములచే శరీరము కృశించి, రక్తము క్షీణించి మనుష్యుడు ఎండిపోవు జబ్బు అది. దానికి నాటి ఇంగ్లీషువైద్యమున మందు లేదు. సుబ్బారావుగారికిని ఆ జబ్బు సోకగా, ఆయుర్వేద విద్వాంసులగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే నయమయ్యెను. లక్ష్మీపతిగారు మదరాసున నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావుగారు శరీరశాస్త్రమును బోధించు అధ్యాపకులుగ చేరిరి. మూలికలలో గుణము కలదు, ఆ గుణమునకు కారణమగు పదార్థమేదో తేల్చు విద్య కావలెనని ఆయనకు తోచెను. ఆ విద్య రసాయనశాస్త్రము. దానిని ఆధునికరీతిని నేర్చుటకు సముద్రము దాటవలెనని నిశ్చయించిరి.

ప్రయాణమునకు ద్రవ్యమెక్కడిది? ఇక్కడ మన దాతలు చెవియొగ్గవలసిన ముచ్చట యొకటి కలదు. కాకినాడయందు మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ యొకటి యుండెను. సత్యలింగముగారు బర్మాదేశమున వర్తకముచేసి ఆర్జించిన విత్తమును విద్యకును ధర్మకార్యములకును విడిచిపోయిన పుణ్యపురుషులు. వారు పుట్టిన కులము వేరు, సుబ్బారావుగారు పుట్టిన కులము వేరు. అయినను ఆ ధర్మసంస్థవారు సహాయము చేయుదుమని మాట యిచ్చిరి. మామగారును తమకు చేతనైనంత సమకూర్చిరి. సముద్రవర్తకముచే వచ్చిన ధనము సముద్రము దాటు విద్యార్థికి ఊతకర్రయైనది. ఒక కులమువారి సొమ్ము వేరొక కులపు బిడ్డకు చదువు చెప్పగా, దాని ఫలమును నేడు అన్ని కులములవారును, అన్ని దేశములవారును అనుభవించుచున్నారు. కులసంఘముల సంచికలో ఈ మాట వ్రాయుట మాకు సంతోషము.

సుబ్బారావుగారు బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రమును అభ్యసించి 1924లో డిప్లొమా పొందిరి. చేతిలో కాసు లేదు. స్వదేశపు పట్టముతో అచ్చట వైద్యవృత్తి చేయు వీలు లేదు. అంతట వారు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగ కుదిరిరి. రోగుల మలమూత్రపాత్రలను కడుగుట, పడకలను సవరించుట వారి పని. పగలు చదువు, రాత్రి ఆ కొలువు. డాక్టరు పట్టమున్న మనుష్యుడు పాకీపని చేయుటయా యని వారు సిగ్గుపడలేదు. మన లోయనుండి విశాఖపట్టణమునకు పోయి, వసతిగృహమున చోటు లేక, హోటళ్ళలో కప్పులు కడుగుచు చదువుకొను పిల్లలు ఈ ఘట్టమును మరువరాదు.

డిప్లొమా ముగిసిన పిమ్మట సుబ్బారావుగారు హార్వర్డునందే జీవరసాయనశాఖలో చేరి సైరస్ ఫిస్కే అను ఆచార్యుని యొద్ద పరిశోధన మొదలిడిరి. ఇక్కడినుండియే ఆయన జీవితము నిజముగ మలుపు తిరిగినది. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచుటకు ఒక సులభమైన వర్ణపద్ధతిని వారిరువురును 1925లో ప్రకటించిరి. పరీక్షించు ద్రవమున భాస్వరమెంత యున్నదో అంత గాఢమైన నీలివర్ణము తేలును. రంగును చూచి పాళ్ళను లెక్కింపవచ్చును. ఫిస్కే సుబ్బారావు పద్ధతి యను పేరుతో అది ప్రయోగశాలలలో తరతరములుగ పాఠమై నిలిచినది. ఆ కొలబద్ద చేతికి వచ్చిన పిమ్మట వారు కండరములను పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును వెలువరించిరి. ఏ.టి.పి.ని అదే కాలమున జర్మనీయందు లోమాన్ అను శాస్త్రజ్ఞుడును కనుగొనెను. కొండ యెక్కు మనుష్యుని కాలికిగాని, నాగలి లాగు ఎద్దు మెడకుగాని బలమునందించు ద్రవ్యము ఈ ఏ.టి.పి.యే. ఇంటర్మీడియేటులో జీవశాస్త్రము చదువు మన పిల్లలు ఈ మూడక్షరములను కంఠస్థము చేయుదురు గాని, వాని వెనుక నొక తెలుగువాడు కలడని పెక్కురెరుగరు.

1930లో సుబ్బారావుగారికి జీవరసాయనశాస్త్రమున పి.హెచ్.డి. పట్టము లభించెను. మదరాసున దక్కని గౌరవము బోస్టనున దక్కినది. అయినను కష్టము తీరలేదు. హార్వర్డున ఆయనకు శాశ్వతమైన ఆచార్యపదవి లభింపలేదు. పదియేండ్లు ఓపికపట్టి, 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరియందలి లెడర్లీ ప్రయోగశాలలకు పోయి, అచ్చట పరిశోధనలకు అధ్యక్షులైరి.

ఆ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యమున జరిగిన పనులను తలచిన ఆశ్చర్యము కలుగును. కాలేయమునందు స్వల్పముగనుండు ఫోలిక్ ఆమ్లమును వేరుపరచి, 1945లో దానిని కృత్రిమముగ తయారుచేయు మార్గమును ఆయన బృందమువారు సాధించిరి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఈ ఆమ్లమే మందైనది. దానికి విరుద్ధముగ పనిచేయు అమినోప్టెరిన్ అను ద్రవ్యమును వారు తయారుచేసి యివ్వగా, బోస్టను బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తకేన్సరు సోకిన పసిబిడ్డలకిచ్చి, వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గుటను 1948లో లోకమునకు చాటెను. అంతకుముందు ఆ జబ్బునకు మందే లేదు. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటును నేటికిని కేన్సరునకును కీళ్ళవాతమునకును వైద్యులు వాడుచున్నారు. బోదకాలు వ్యాధిని కలిగించు పురుగులను చంపు డైఇథైల్‌కార్బమజీన్ 1947లో ఆ ప్రయోగశాలనుండియే వెలువడినది. మన తీరజిల్లాలలో ఏటేట ఇంటింటికి పంచిన బోదకాలు మాత్రలలో నున్నది అదియే. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది.

ఈ చివరి మందు విషయమున ఒక ముఖ్యమైన సంగతి కలదు. దానిని మట్టిలోని సూక్ష్మజీవినుండి కనుగొన్న బెంజమిన్ డగ్గరు వైద్యుడు కాడు. విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రమును బోధించి, విశ్రాంతి పుచ్చుకొని, డెబ్బదియేండ్ల వయస్సు దాటినవాడు. సుబ్బారావుగారి బృందమున రసాయనశాస్త్రజ్ఞులు, వృక్షశాస్త్రజ్ఞులు, జంతుపోషణశాస్త్రజ్ఞులు కలసి పనిచేసిరి. రోగిని ముట్టి నాడి చూచువాడొక్కడే వైద్యమునకు సేవచేయునని తలచుట పొరపాటని దీనివలన తెలియుచున్నది. మందు పుట్టించువాడు, రక్తమును పరీక్షించువాడు, వ్యాధి మూలము వెదకువాడు, వీరందరు విజ్ఞానశాస్త్ర పట్టభద్రుల గుంపునుండి వచ్చినవారే.

1948 ఆగస్టు నెలలో, ఏబదిమూడేండ్ల వయస్సున, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుచే గతించిరి. స్వదేశము విడిచిన పిమ్మట మరల తిరిగిరాలేదు. ఆ దంపతులకు కలిగిన కుమారుడు పసితనముననే మరణించెను. భార్య శేషగిరిగారు భర్తకై ఎదురుచూచుటలోనే ఏండ్లు గడపినది. ఈ సంగతిని మేము దాచము. మహనీయుల కీర్తికి వారి యింటివారు చెల్లించిన మూల్యమును కూడ తూచి చూచుట న్యాయము. ఆయన తన పేరును చాటుకొనుటలో ఆసక్తి చూపలేదు. కావుననే ఆయన మందులను మ్రింగిన కోట్లమందికి ఆయన పేరు తెలియదు. ఒక శిలీంధ్రజాతికి ఆయన పేరు పెట్టిరి. శతజయంతి సందర్భమున 1995లో భారతప్రభుత్వమువారు ఆయన బొమ్మతో తపాలాబిళ్ళను విడుదల చేసిరి.

ఇక మన లోయ సంగతికి వత్తము. మన కొండపల్లెలకు జ్వరము క్రొత్త చుట్టము కాదు. తాతలనాటినుండి మన్యపు జ్వరమన్నంతనే మైదానమువారు ఘాటురోడ్డెక్కుటకు జంకిరి. రక్తహీనత మన స్త్రీలకు నిత్యశత్రువు. కొండజాతులలో కొడవలికణ రక్తవ్యాధి కలదు. దాని నిర్మూలనకై భారతప్రభుత్వము 2023 జులై 1వ తేదీన జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ఆ వ్యాధిగలవారికి వైద్యులిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రయు, ఆశా కార్యకర్త గర్భవతియగు మన ఆడపడుచు చేతిలో ఇనుముతో కలిపి పెట్టు మాత్రయు, భీమవరపు బాలుని శ్రమఫలమే. ఆ మాత్ర బోస్టనునుండియు పెర్ల్ రివరునుండియు మన గడపకు వచ్చినది. మన గడపనుండి ఆ విద్యవైపు పోవు బిడ్డ యెవడని మేమడుగుచున్నాము.

కాలము మారినది. మదరాసునకు పోవలసిన పని లేదు. విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాల నూరేండ్లు దాటినది. 2022లో మన మన్యమునకు అల్లూరి సీతారామరాజు జిల్లా యను పేర ప్రత్యేక జిల్లా ఏర్పడి, దాని ముఖ్యపట్టణమగు పాడేరునందు 2024లో ప్రభుత్వ వైద్యకళాశాల తరగతులు మొదలైనవి. తలుపు మన వాకిటికి వచ్చినది గాని, తాళపుచెవి చదువే. కావున దారిని ముందుగ తెలిసికొని నడువవలయును.

మన దేశమున వైద్యకళాశాల ప్రవేశమునకు పునాది ఇంటర్మీడియేటు. అందు భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివియుండవలెను. ఈ మూటియందు కలిపి సామాన్యవర్గమువారికి నూటికి 50, షెడ్యూల్డు జాతులు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి 40 మార్కులు రావలెను. అటుపిమ్మట నీట్ అను ప్రవేశపరీక్ష. దానియందలి 720 మార్కులలో జీవశాస్త్రమునకు 360, భౌతికశాస్త్రమునకు 180, రసాయనశాస్త్రమునకు 180. జీవశాస్త్రము బట్టీపట్టి భౌతికశాస్త్రమును చూచి బెదరు విద్యార్థి సగము దారిలోనే ఆగును. పదవతరగతియందే లెక్కలను, భౌతికశాస్త్రమును గట్టిపరచుకొనుట మేలు. బి.యస్సీ. పట్టమొక్కటియే ప్రవేశపరీక్షకు బదులు కానేరదు. పట్టమున్నవాడును ఆ పరీక్ష వ్రాయవలసినదే. అయితే దానికి గరిష్ఠ వయఃపరిమితిని 2022లో తొలగించిరి. డిగ్రీ చదువుచు మరల వ్రాయుటకు ఆటంకము లేదు.

అమెరికాదేశమున పద్ధతి వేరు. అచ్చట నాలుగేండ్ల డిగ్రీ ముగించిన పిమ్మటనే వైద్యకళాశాల. డిగ్రీలో ప్రధానపాఠ్యము ఏదైనను సామాన్యముగ అభ్యంతరము లేదు గాని, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము ప్రయోగశాలతో కూడ చదివియుండవలెను. పిమ్మట ఎంక్యాట్ అను పరీక్ష. వైద్యము మరి నాలుగేండ్లు. అచ్చట స్థిరపడిన తెలుగువారి పిల్లలు ఈ దారినే నడచుచున్నారు. అచ్చటి విద్యార్థి డిగ్రీని వైద్యమునకు మెట్టుగ కట్టుకొనును. మనవాడు డిగ్రీని ఓడిపోయినవాని గుడిసెగ తలచును. భేదమిదియే.

కావున మా సలహా యిట్టిది. మొదటి యత్నమున చోటు దొరకనివాడు బి.యస్సీ.లో చేరునపుడు, ఏదో ఒక చోటు దొరికినదని చేరక, రసాయనశాస్త్రమును వదలకుండ, వృక్ష, జంతు, సూక్ష్మజీవశాస్త్రములలో నొకదానితో జతచేసి చదువవలెను. ప్రయోగశాల తరగతిని ఒక్కదానిని మానరాదు. ఒకవైపు ప్రవేశపరీక్షకు సిద్ధపడవచ్చును. అది ఫలించిన సంతోషము. ఫలింపనిచో ఆ పట్టముతోనే జీవరసాయనమున గాని, సూక్ష్మజీవశాస్త్రమున గాని ఎం.యస్సీ. చేయుటకును, ప్రయోగశాలలలో పనిచేయుటకును, ఔషధపరిశోధనకును దారి తెరచియే యుండును. రోగులకు దగ్గరగ నుండగోరువారు ఇంటర్మీడియేటు పిమ్మటనే నర్సింగు డిగ్రీనిగాని, వైద్యప్రయోగశాల సాంకేతికవిద్యనుగాని ఎంచుకొనవచ్చును. సంవత్సరముల తరబడి ఏ కళాశాలయందును చేరక, నగరపు శిక్షణశాలలకు అప్పుచేసి ధారపోసి, చివరకు పరీక్షయు పట్టమును రెండును లేక లోయకు తిరిగివచ్చుటయే అన్నింటికంటె నష్టకరము. అట్లు వచ్చి, కాఫీతోటలో తలవంచుకొని పనిచేయుచున్న పిల్లలను మేము చూచితిమి. వారు తెలివితక్కువవారు కారు. వారికి రెండవ తలుపు చూపినవారు లేరు.

దాతలగు పెద్దలకు చివరిమాట. తల్లి నగలమ్మక, మామ తోడ్పడక, కాకినాడ ధర్మసంస్థ మాట యియ్యక యున్నచో సుబ్బారావుగారు మదరాసు దాటియుండరు. రెండుమార్లు తప్పిన విద్యార్థికి సహాయము వ్యర్థమని వీరిలో నొక్కరు తలచియున్నను నేడు ఫోలిక్ ఆమ్లపు మాత్ర వెనుక ఒక తెలుగువాని పేరు చెప్పుకొనుటకు ఉండెడిది కాదు. మన సంఘమువారు ఇచ్చు విద్యార్థివేతనము వైద్యకళాశాలలో చోటు వచ్చినవారికే పరిమితము కారాదని మా ప్రార్థన. చోటు రానివాడు విజ్ఞానశాస్త్రపు డిగ్రీని నియమముగ చదువుచుండెనేని, పట్టము చేతికి వచ్చువరకు ఆ వేతనమును నిలుపరాదు. ఆడపిల్లల విషయమున ఈ నియమము మరింత అవసరము. ఒక యేడు పరీక్ష తప్పినదన్న నెపముతో వారి చదువు మాన్పించి పెండ్లి చేయు అలవాటు మనలో ఇంకను పోలేదు.

సుబ్బారావుగారు మన కొండలను చూచినవారు కారు. అయినను మన బిడ్డల రక్తమునకు బలమునిచ్చు మందును ఇచ్చిపోయిరి. ఆ ఋణము తీర్చుటకు విగ్రహములు అక్కరలేదు. చోళ్ళు కోయు చేతులలో నుండి ఒక్క చేయి పరీక్షనాళికను పట్టుకొనునట్లు చేసిన చాలును. ఆ కార్యమునకు ఈ సభ పూనుకొనుగాక యని మేము కోరుచున్నాము.